గీత దాటితే పదేళ్లు

బ్రిటన్‌లో మానవ పిండం వయసును నిర్ణయించేది పార్లమెంటు. పద్నాలుగు రోజులు దాటాక దాన్ని ల్యాబులో పెంచితే పదేళ్ల దాకా జైలు.

1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయిస్ బ్రౌన్ పుట్టింది. పెద్దల కంగారు కమిటీగా మారడానికి 1982 దాకా పట్టింది. తత్వవేత్త మేరీ వార్నాక్ నడిపిన ఆ కమిటీ 1984లో పద్నాలుగు రోజుల హద్దు పెట్టమంది. సుమారు ఆ సమయంలోనే పిండంపై ప్రిమిటివ్ స్ట్రీక్ అనే సన్నని గీత పడుతుంది. తల ఎటో, కాళ్లెటో తేలేది అప్పుడే. 1990 చట్టం ఇంకో అడుగు ముందుకేసి, పద్నాలుగు రోజులు ముగిసేసరికి గీత పడినట్టే భావించాలంది. పిండం బద్ధకించినా చట్టం ఆగదు. అయితే ఫ్రీజర్‌లో గడిపిన కాలం లెక్కలోకి రాదు. పదేళ్లు గడ్డకట్టి ఉన్నా మూడురోజుల పిండం మూడురోజులదే. ఇంతవరకూ ఈ సౌకర్యం తెలుగు సినిమా హీరోలకే ఉండేది.

పిండ పరిశోధనకు లైసెన్సులిచ్చేది హెచ్‌ఎఫ్‌ఈఏ అనే సంస్థ. దాని అధ్యక్ష పీఠం డాక్టరుకు గానీ, పిండ పరిశోధకుడికి గానీ దక్కదు. విషయం తెలిసినవాళ్లను నమ్మలేక పెట్టుకున్న సంస్థ మరి! పరిశోధకుడు పిండం లేకుండా పని జరగదని నిరూపించాలి, దాతల సమ్మతి చూపాలి, మూడేళ్లకు మించని లైసెన్సు పుచ్చుకోవాలి. 2016లో ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థకు చెందిన క్యాథీ నియాకన్‌కు పిండాల్లో జన్యువులు సవరించే అనుమతి దొరికింది, వాటిని గర్భంలో పెట్టకూడదన్న షరతుతో.

అమెరికాది సులువైన దారి. పిండాలను నాశనం చేసే పరిశోధనకు 1996 నుంచి కేంద్రం పైసా ఇవ్వదు. ప్రైవేటు డబ్బుతో చేసుకుంటే కేంద్ర చట్టమేదీ అడ్డు రాదు.

బ్రిటన్ నిబంధనను చాలాకాలం అందరూ తు.చ. తప్పకుండా పాటించారు. పాటించక చేసేదేముంది? పిండాన్ని ల్యాబులో అన్నిరోజులు బతికించడం ఎవరికీ చేతకాలేదు. 2016లో కేంబ్రిడ్జ్, న్యూయార్క్ శాస్త్రవేత్తలు పదమూడో రోజు దాకా లాక్కొచ్చి ఆపేశారు. చేతనయ్యాక గడువు ఇరుకనిపించింది. 2024 నవంబరులో హెచ్‌ఎఫ్‌ఈఏ తానే 28 రోజులకు పెంచమని సిఫారసు చేసింది.

ఈలోగా మూలకణాలతో పిండం నమూనాలు తయారయ్యాయి. అండం, శుక్రకణం కలవకుండానే పుట్టిన అవి చట్టం దృష్టిలో పిండాలుగా లెక్కకు రావు. లైసెన్సు అక్కర్లేదు, పద్నాలుగు రోజుల గొడవా లేదు. అసలు పిండానికి అనుమతి పత్రం కావాలి, పక్క బల్లమీది పోలికకు అక్కర్లేదు. 2024 జులైలో బ్రిటన్‌లో వీటికోసం ఒక నియమావళి వెలువడింది. పాటించడం స్వచ్ఛందం.