చెవులు మూసుకుని వినేదేం పాటండీ!

ఈ కాలం పిల్లలు పాట వినని చోటంటూ లేదు. బండి మీద పాట, జిమ్ములో పాట, అంట్లు తోముతూ పాట, రేపు పరీక్ష పెట్టుకుని చదువుతూ కూడా పాటే. ఇంతగా వింటున్నారు కదా అని "నిన్న ఏం విన్నావురా?" అని అడిగితే మాత్రం మా మనవడు బుర్ర గోక్కుంటాడు. "ఏదో ప్లేలిస్టు తాతయ్యా, దానంతటదే వస్తూంటుంది" అంటాడు. ఎవరు పాడారో తెలీదు, ఎవరు రాశారో తెలీదు, వెనక మోగింది వీణో వయొలినో అసలే తెలీదు. కుళాయి విప్పి మరిచిపోయినట్టు పాట అలా కారిపోతూ ఉంటుంది.

మా రోజుల్లో పాట వేళకి మనం వెళ్లి కూర్చోవాలి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నాటకం. వాల్వు సెట్టు స్విచ్చి వేస్తే వెంటనే పలికేది కాదు. లోపల వాల్వులు వేడెక్కి, ముందు గుర్రుమని ఒక చప్పుడు వచ్చి, ఆ తర్వాత గానీ అనౌన్సరు గొంతు పైకి తేలేది కాదు. అందుకని కాస్త ముందుగానే స్విచ్చి వేసి, చాప పరిచి కూర్చునేవాళ్లం. ఇంట్లో రేడియో ఉన్నందుకు ఏటా పోస్టాఫీసుకి వెళ్లి లైసెన్సు డబ్బు కూడా కట్టాలి. డబ్బు కట్టారు కాబట్టే శ్రద్ధగా విన్నారని మా ఆవిడ ఎద్దేవా చేస్తుంది. కాదు. ఆ పాట మళ్లీ ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలీదు, అదీ అసలు సంగతి. ఈ పూట తప్పిపోతే పోయినట్టే.

తర్వాత ఎల్పీ రికార్డులొచ్చాయి. ఒక వైపు ఇరవై నిమిషాలో మరికాస్తో. అయిపోగానే లేచి తిప్పాలి, సూది మీద దుమ్ము తుడవాలి. క్యాసెట్ల కాలంలో అయితే రికార్డింగు సెంటరుకి చీటీ రాసి ఇచ్చేవాళ్లం. 60 నిమిషాల క్యాసెట్టులో ఏ పాట తర్వాత ఏది రావాలి, ఆఖరి పాట చరణం మధ్యలో టేపు తెగిపోకుండా ఎక్కడ ఆపాలి, ఇదంతా కూడికలు వేసుకుని రాయాలి. ఒక్క చీటీకి ఒక సాయంత్రం పట్టేది. ఆ రోజుల్లోనే మొదటి పాపమూ జరిగింది. ఝంకార్ బీట్స్ అని, చక్కటి పాత పాట వెనక డబడబా డ్రమ్ముల మోత అతికించి అమ్మారు. వాళ్ల వారసులే ఇప్పుడు హెడ్‌ఫోన్ డబ్బాల మీద బాస్ గురించి అంతేసి అక్షరాలతో అచ్చు వేస్తున్నారని నా నమ్మకం.

సరే, హెడ్‌ఫోన్ల దగ్గరికే వద్దాం. సెలవులకొచ్చిన మా మనవడు నా పాత స్పీకర్ల మీద ఇంట్లో జరిగే తగువు చూసి, "నువ్వు ఇంట్లో కూర్చుని వినడానికి ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ కొనుక్కో తాతయ్యా, కొత్త టెక్నాలజీ" అని సలహా ఇచ్చాడు. కొత్తదట! జర్మనీ వాళ్ల సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డీ 414 పేరుతో దీన్ని 1968లోనే బజారులోకి తెచ్చింది. పసుపుపచ్చ స్పాంజి, తేలికపాటి ఒళ్లు, కోటికి పైగా అమ్ముడైంది. 1979లో సోనీ వాక్‌మన్‌తో పాటు వచ్చిన పల్చటి స్పాంజి హెడ్‌ఫోన్లు కూడా ఆ జాతివే. ఎనభైల్లో దుబాయి నుంచి వచ్చిన బంధువు పెట్టె తెరిస్తే మనమంతా ఎగబడి చెవులకు తగిలించుకున్నవి అవే కదండీ. వాడికి కొత్త గానీ నాకు కాదు.

అందులో కిటుకు చిన్నదే. హెడ్‌ఫోన్ లోపల ఒక పల్చటి పొర ముందుకీ వెనక్కీ కదిలితే చప్పుడు పుడుతుంది. ముందుకు కదిలినప్పుడు చెవిలోకి ఎంత వస్తుందో, వెనక్కీ అంతే పోతుంది. చెవి మీది డిప్పకు వెనక మూత ఉంటే ఆ చప్పుడు గోడకి కొట్టుకుని తిరిగొచ్చి పాటలో కలుస్తుంది. గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. మూత బదులు జాలీ పెట్టారనుకోండి, వెనక చప్పుడు బయటికి పోతుంది, ముందుది శుభ్రంగా చెవికి చేరుతుంది. దీనివల్ల అట్టడుగు మోత కొంత తగ్గుతుంది. గుండెల మీద గుద్దే దరువు కావలసినవాళ్లు ఇటు రాకపోవడం మంచిది. మృదంగం ఎడమ వైపు ఎంత మోగాలో అంతే మోగితే చాలుననుకునే వాళ్లకే ఇది.

"స్టేజి విశాలంగా వినబడుతుంది" అని ఇంకో ఊదర. స్టీరియోలో రికార్డయిన కచేరీకి ఆ మాట నిజమే. వయొలిన్ ఒక పక్క, మృదంగం ఒక పక్క, గాయకుడు మధ్యన, తలకి కాస్త అవతలగా కూర్చుంటారు. కానీ మన వయసు వాళ్లం వినేది చాలా వరకు మోనో. 1957 నాటి మాయాబజార్ పాటలు పెట్టుకుంటే రెండు చెవులకీ వచ్చేది ఒకటే చప్పుడు. గొంతు సరిగ్గా నడినెత్తిన కూర్చుంటుంది. ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ అయినా దాన్ని విశాలం చేయలేదు. లాభం వేరే చోట ఉంది. ఆ రోజుల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకే చోట కలిసి పాడేవారు. ఒక్కరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచే. అందుకే ఘంటసాల గారు పల్లవి ఎత్తుకోబోయే ముందు తీసిన ఊపిరి, వెనక ఎవరో వయొలిన్ కమాను దించిన చిన్న రాపిడి కూడా రికార్డులో ఉండిపోయాయి. ఇన్నేళ్లూ రేడియోలో వినబడనివి ఇప్పుడు వినబడతాయి. ఈనాటి పాటలో ఊపిరే ఉండదు, కత్తిరించేస్తారు. శ్రుతి తప్పినా కంప్యూటరు సరిచేసి పెడుతుంది. అలాంటి పాటకి మంచి హెడ్‌ఫోన్ ఎందుకో నాకు తెలీదు.

ఇక దీని దోషాలు. మీరు వినేది పక్కవాళ్లకి వినబడుతుంది, పక్కన మోగేది మీకు వినబడుతుంది. రోహిణి కార్తె విజయవాడలో ఫ్యాను ఐదులో పెట్టుకుని ఓపెన్ బ్యాక్ తగిలించుకుంటే తంబురా శ్రుతితో పాటు ఫ్యాను శ్రుతీ వినాలి. మా ఆవిడయితే "ఏవండీ, ఆ జిల్లు జిల్లుమనే చప్పుడేమిటండీ" అని పక్క గదిలోంచి కేకేస్తుంది. బయటికి కారేది పాటలో సన్నటి భాగమే, తాళాలూ గజ్జెలూ లాంటివి. కానీ "మూడు విజిళ్లొచ్చాక పొయ్యి కట్టేయండి" అని నాకు అప్పగించిన పని కూడా ఈ హెడ్‌ఫోన్ ఉంటేనే అవుతుంది. బయటి చప్పుడు మింగేసే రకం పెట్టుకుని కూర్చునే మా అబ్బాయికి ఆ పని చెబితే పప్పు అడుగంటుతుంది.

బస్సులో పనికిరాదు, ఆఫీసులో పనికిరాదు, నిద్రపోతున్న మనిషి పక్కన పనికిరాదు. ఇంట్లో, ఒక కుర్చీలో, వినడమే పనిగా పెట్టుకుని కూర్చుంటేనే ఇది పనికొస్తుంది. ఈ ఒక్క గుణానికే నాకు నచ్చింది.

కొనడం దగ్గరే వస్తుంది తంటా. డబ్బా మీద అంకెలు చూడండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600కి 12 నుంచి 40,500 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. ఎంత పసివాడి చెవి అయినా 20,000 దాటి వినలేదు. నా బోటి వాడికి 10,000 పైన ఏదున్నా లేనట్టే. మిగతాది గబ్బిలాలకి. ఆ అంకె చూసి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకండి.

తర్వాత ఓములు. ఎక్కువ ఓములుంటే ఎక్కువ నాణ్యత అని కుర్రకారులో ఒక నమ్మకం. బేయర్‌డైనమిక్ డీటీ 990 ఒక్కటే 32, 80, 250, 600 ఓముల్లో వచ్చింది. ఓమంటే నిరోధానికి కొలత. అది పెరిగితే అదే చప్పుడుకి వోల్టేజి ఎక్కువ కావాలి, అంతే. 300 ఓముల హెచ్‌డీ 600ని ఫోనుకి తగిలిస్తే పలకదని కాదు, నీరసంగా పలుకుతుంది. దానికి ఒక చిన్న ఆంప్లిఫయరు కావాలి. 300కే బెదిరిపోతున్నారు గానీ, 1968 నాటి ఆ హెచ్‌డీ 414ది 2000 ఓములు! ఆంప్లిఫయరు గొడవ వద్దంటే ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ 9500 లాంటిది, 32 ఓములది, ఫోనుతోనే తృప్తిగా మోగుతుంది. ఫోనుకి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే సుమండీ. అదీ పీకేశారు కదా. ప్లానార్ అని ఇంకో రకం హెడ్‌ఫోన్లున్నాయి, వాటికి ఓములు తక్కువే ఉన్నా కరెంటు ఎక్కువ లాగుతాయి, కాబట్టి ఓముల అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

ఏది కొనాలంటారా? గొంతు ప్రధానమైతే నా ఓటు హెచ్‌డీ 600కే. 1997లో వచ్చిన నమూనా, ఇప్పటికీ అమ్ముతున్నారు. ఏడాదికో కొత్త ఫోను మార్చే ఈ లోకంలో ఆ ఒక్క మాటకే దండం పెట్టాలి. పైగా చెవి మెత్తలు, తీగ, తల పట్టీ ఏది పోయినా ఆ ముక్క మాత్రం మార్చుకోవచ్చు, మన వాల్వు రేడియోలో వాల్వు మార్చినట్టే. డీటీ 990 కూర్చోవడానికి హాయి, కానీ పైశబ్దం పదును. వీణ మీటు చెవిలో గుచ్చుకుంటుంది. ఇళయరాజా గారి పెద్ద వాద్యబృందం పాటలు వినేవాళ్లకి ఆ మెరుపు నచ్చొచ్చు, నాకు వద్దు. ఏకేజీ కే 702లో చోటు విశాలం, గొంతు పలచన. బ్రూక్లిన్‌లో 1953లో మొదలైన గ్రాడో వాళ్లవి గిటారుకి బాగుంటాయంటారు. వాళ్ల చిన్న రకాలు చెవిని కప్పకుండా చెవి మీద ఒత్తుతాయి. మన వయసు చెవులకి ఆ శిక్ష ఎందుకు? లక్ష దాటిన హెచ్‌డీ 800 ఎస్ జోలికి నేను పోలేదు, మీరూ పోవద్దు. ఆ డబ్బుతో ఏడాదంతా కచేరీలకు వెళ్లి ముందు వరసలో కూర్చోవచ్చు.

హెడ్‌ఫోన్ల సమీక్షలు రాసేవాళ్లు చెప్పని సంగతులు రెండున్నాయి. మొదటిది చెవి మెత్తల గుడ్డ. రెక్సిన్ లాంటి పూత ఉన్న మెత్తలు మన కోస్తా ఉక్కపోతకి ఆగవు. ముందు చిన్న బుడగ లేస్తుంది, తర్వాత పొట్టు రాలుతుంది. హెడ్‌ఫోన్ తీసి అద్దంలో చూసుకుంటే చెవుల చుట్టూ, చొక్కా కాలరు మీద నల్లటి పొలుసులు. వెల్వెట్ లాంటి మెత్త గుడ్డ ఉన్నవే తీసుకోండి, చెమట పీల్చుకుంటాయి. రెండోది కళ్లజోడు. హెచ్‌డీ 600 కొత్తలో తలని గట్టిగా బిగించి పట్టుకుంటుంది. కళ్లజోడు కాడ చెవి వెనక ఎముకని నొక్కి, అరగంటకి పాట పోయి నొప్పి మిగులుతుంది. నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి రాత్రంతా వాటికి తొడిగి ఉంచితే కొంత వదులవుతుంది. మా ఇంట్లో ఆ సేవ చేసింది పాత టెలిఫోన్ డైరెక్టరీలు. అవి ఇంకా ఎందుకు దాచుకున్నారని నన్ను దెప్పేవాళ్లంతా ఆ రోజు నోళ్లు మూసుకున్నారు.

మా రోజుల్లో రేడియో కొట్టు యజమాని నాలుగు సెట్లు వరసగా పెట్టి, "వినండి బాబూ, తొందరేముంది" అని కుర్చీ వేసేవాడు. మొన్న మా ఊళ్లో ఒక పెద్ద షోరూముకెళ్లి "ఒకసారి విని చూస్తానయ్యా" అన్నాను. "సీలు తియ్యం సార్, ఆన్‌లైన్‌లో రివ్యూలు చూసుకోండి" అన్నాడు కౌంటరు కుర్రాడు. ఇంకొకడి చెవులతో విని నేను డబ్బు కట్టాలట.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. బయటి చప్పుడు లోపలికొస్తుంది కాబట్టి ఓపెన్ బ్యాక్‌లో వాల్యూము తెలియకుండా పెరుగుతుంది. పెద్దవాళ్లు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఫ్యాను తగ్గించుకోండి, కిటికీ మూసుకోండి, తెల్లవారుజామున వినండి. వాల్యూము మాత్రం పెంచకండి.

హెడ్‌ఫోన్లు అమ్మే అయ్యలకి నాదొక మనవి. మీ కొట్లో ఒక మూల, ఏసీ మోత తగలని చోట ఒక కుర్చీ వేయండి. సీలు తీసిన సెట్లు ఓ మూడు పెట్టండి. నాలాంటి ముసలాడొచ్చి తన పాట తను పెట్టుకుని అరగంట వింటే విసుక్కోకండి. విన్నవాడు ఆ రోజు కొనకపోవచ్చు, మర్నాడు కొడుకుని తీసుకుని మీ కొట్టుకే వస్తాడు.