పెరట్లో గంజాయి

మా గోడవారన ఒక మొక్క మొలిచింది. ఎవరూ వేయలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. రెండు నెలల్లో నా ఛాతీదాకా ఎదిగింది. ఆకు చూస్తే అరచేయి చాపినట్టు ఐదు వేళ్ళు, అంచుకి రంపపు పళ్ళు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు చెక్కుల మీద సంతకాలు పోల్చి బతికినవాణ్ణి. ఆకులు పోల్చడం నాకెక్కడొచ్చు?

"కెమెరా తెరిచి దానికేసి పట్టు నాన్నా, అదే చెప్తుంది" అంది అమ్మాయి బెంగుళూరు నుంచి.

పట్టాను. తెర మీద మెరుపుచుక్కలు నాలుగు అటూ ఇటూ పరుగెత్తాయి. ఫోను ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా చెప్పింది: గంజాయి.

నాకు కాళ్ళలో సత్తువ పోయింది. పింఛను తీసుకునే మనిషిని. రేపు పేపర్లో పడితే, ఫొటోలో నన్ను మధ్యన నిలబెట్టి చుట్టూ పోలీసులుంటారు. గబగబా వంటింట్లోకి వెళ్ళి, "ఏమే, మన పెరట్లో గంజాయి మొలిచింది" అన్నాను గొంతు తగ్గించి.

"పొద్దున మాత్ర వేసుకున్నారా?" అంది మా ఆవిడ, పోపు మీంచి కళ్ళు తిప్పకుండా.

ఈ గుసగుసలు మా అత్తగారి చెవిన పడ్డాయి. ఆవిడకి ఎనభై రెండు. పెళ్ళయిన నాటినుంచీ నాతో ముఖాముఖి మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా కూతురి ద్వారానే. నెమ్మదిగా పెరట్లోకి నడిచి, ఒక ఆకు తుంచి, నేను 'అయ్యయ్యో' అనేలోపు నోట్లో వేసుకుని నమిలేసింది.

"అమ్మాయీ, గోంగూర. తెల్లకాడది. ఇంతలా ముదరనిచ్చారేమిటని మీ ఆయన్నడుగు."

ఫోనుని మరీ ఆడిపోసుకోనక్కర్లేదు. నేను నా తెలివితక్కువతనం కప్పిపుచ్చుకోడానికి ఆ మధ్యాహ్నమంతా చదివాను కాబట్టి చెబుతున్నాను. గోగుమొక్కకి లిన్నేయస్ దొర 1759లో పెట్టిన శాస్త్రనామం హైబిస్కస్ కన్నాబినస్. ఇంటిపేరు మందారాలది, సొంత పేరుకి అర్థం 'గంజాయిలాంటిది' అని. కింది ఆకులు గుండ్రంగానే ఉన్నా, పైకి పోయేకొద్దీ అచ్చం దాన్లాగే చీలుతాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నార కోసం పండించేదీ, తెలంగాణలో పుంటికూర అని వండుకునేదీ ఈ కుటుంబమే. అంటే పోలిక దొరగారికీ తట్టింది. కాకపోతే ఆయన 'లాంటిది' దగ్గర ఆగాడు. ఫోను ఆగలేదు.

అది చేసేది నేను చేసిన ఉద్యోగమే. బొమ్మని ముందు అంకెలుగా మార్చుకుంటుంది. అంకెల్లోంచి అంచులు, అంచుల్లోంచి వంపులు, వంపుల్లోంచి ఆకారం పట్టుకుంటుంది. తన దగ్గరున్న నమూనాల్లో దేనికి దగ్గరగా ఉందో చూసి ముద్ర కొట్టేస్తుంది. మా బ్రాంచికి ఒక మాస్టారు వచ్చేవారు. చెయ్యి వణికి ఏటేటా ఆయన సంతకం పాకే జెర్రిలా తయారయ్యేది. నమూనా కార్డుతో కలిసేది కాదు. అయినా పాస్ చేసేవాణ్ణి. కౌంటరుకి అవతల మాస్టారే నిలబడి ఉండేవారు మరి.

ఈ చూపు నేర్పడం తేలికనుకున్నారట మొదట్లో. 1966లో అమెరికాలో ఎం.ఐ.టి.లో సీమోర్ పాపర్ట్ అనే ఆయన, కంప్యూటరుకి వస్తువుల్ని గుర్తుపట్టడం నేర్పే పనిని వేసవిలో పనికి చేరిన కుర్రాళ్ళకి అప్పగించాడు. వేసవిలోనే ఓ కొలిక్కి వస్తుందనుకున్నాడు. మా పెరడు చూస్తే ఆ వేసవి ఇంకా గడవలేదనిపిస్తుంది.

తరవాత ఫెయ్-ఫెయ్ లీ అనే ఆవిడ, మరికొందరూ కలిసి 2009లో ఇమేజ్‌నెట్ అని బొమ్మల గాదె ఒకటి కట్టారు. క్రమేణా అందులో కోటీ నలభై లక్షలు చేరాయి. ఒక్కోదానికీ పేరు రాసింది యంత్రం కాదు, ఇంటర్నెట్‌లో కూలికి కుదిరిన మనుషులు. 2012లో ఆ బొమ్మల్ని గుర్తుపట్టే పోటీలో టొరంటో వాళ్ళ ప్రోగ్రాము అలెక్స్‌నెట్ 15.3 శాతం తప్పులతో గెలిచి అందరిచేతా నోరెళ్ళబెట్టించింది. అదీ ఎలాగ? ఒక్కో బొమ్మకీ ఐదు జవాబులు చెప్పొచ్చు, ఒకటి తగిలినా మార్కు వేస్తారు. మా రోజుల్లో ఈ పద్ధతుంటే నేను ఇంజనీరునయ్యేవాణ్ణి. ఆ పోటీ జాబితాలో ఉన్నవి 1000 రకాలు. కుక్కజాతులే నూట ఇరవై దాకా. తిండి దగ్గర పిజ్జా, బరిటో, గ్వాకమోలి. ఇడ్లీ లేదు. దోసె లేదు. ఇప్పటి ఫోన్లకి ఇడ్లీ తెలుసు, కాదనను. కానీ పునాదిలో ఇడ్లీ లేని చదువు మీద నాకు గురి కుదరదు.

గోంగూర సంగతి తేలాక వారం రోజులు ఇంట్లో నేను ఫోను పట్టని వస్తువు లేదు. అత్తగారి ఇత్తడి జంతికల గొట్టం చూపిస్తే పాతకాలపు సైకిలు పంపు అంది, అమ్మకానికి ఉందనీ ధర ఇంతనీ చెప్పింది. ఫోనుతో వచ్చిన చిక్కే ఇది. చూసిందల్లా అమ్మజూపుతుంది. నేను తొడుక్కున్న చొక్కాలాంటివి పదహారు చూపించింది, అన్నీ నాదానికంటే కొత్తవే. చివరికి అద్దం ముందు నిలబడి, నేనెవరో చెప్పమని పట్టాను.

అద్దం ధర చెప్పింది.

"నన్నసలు పట్టించుకోలేదే" అన్నాను.

"కొనేవాళ్ళుండాలిగా" అంది మా ఆవిడ.

ఆదివారం ఆ మొక్క లేతచివుళ్ళన్నీ కోసి అత్తగారే స్వయంగా పచ్చడి నూరింది. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, పైన ఇంగువ పోపు. కంచంలో వేడన్నం ఆవిర్లు కక్కుతోంది, పక్కన వెన్నపూస. అలవాటు చొప్పున ఫోను పట్టాను. పాలకూరతో చేసిన ఏదో విదేశీ పచ్చడి అని చెప్పి, సీసా ఖరీదు కూడా ఎత్తుకుంది.

చదివి వినిపించాను. అత్తగారు ముద్ద కలుపుతూ వింది.

"అమ్మాయీ, ఆ ఫోనుని ఓసారి నోరు తెరవమని చెప్పమను మీ ఆయన్ని. ఓ ముద్ద పెడతాను."