వ్యాసపీఠం చెప్పే మజిలీ కథ

నేను వ్యాసపీఠాన్ని. మేకు అన్నది లేకుండా ఒకే టేకు పలకను చీల్చి, మడతపడేలా చెక్కారు నన్ను. యానాంలో ఒక ఇంటి పూజగదిలో భాగవతం మోస్తూ పెరిగాను. ఆ ఇంటి అబ్బాయికి పుదుచ్చేరిలో ఉద్యోగం వచ్చాక, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అక్కడి సారం ప్రాంతానికి చేరాను. వీధిలో తమిళం, బళ్లో ఇంగ్లీషు. పిల్లల చెవిన తెలుగు నిండుగా పడేది రాత్రి అన్నాలయ్యాక మామ్మ నా ముందు కూర్చున్నప్పుడే. ఈ ఊరికి తెలుగు కొత్త కాదులెండి. ఇక్కడి దుబాసీ ఆనందరంగ పిళ్లై పేరిటే కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ రాశాడు.

నా మీద నిలిచిన పుస్తకాలన్నిటిలో “తర్వాత ఏమైంది మామ్మా?” అని పిల్లల చేత అడిగించింది మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’. పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరితే తోడు ఎవరూ రారు. ఒక పశువుల కాపరి కుర్రాడు మాత్రం వస్తానంటాడు, మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలన్న షరతు మీద. దిగిన ఊళ్లో ఏదో వింత చూసి వస్తాడు, దాని సంగతేమిటని పట్టుబడతాడు. యతి తన దగ్గరున్న మణిలో చూసి జరిగిందంతా చెబుతాడు. అంత పెద్ద గ్రంథాన్నీ నడిపించేది చదువులేని ఆ పిల్లవాడి కుతూహలమే. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

కాశీ దారి కల్పన కాదు. 1830లో మద్రాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ప్రతి మజిలీనీ రాసిపెట్టాడు. దీక్షితులు గారు అలాంటి దారి మీదికి గంధర్వులను, యక్షిణులను, శాపాలను దించారు. శతాబ్దాల ఎడమున్న కాళిదాసునూ భోజుణ్ణీ ఒకే కొలువులో కూర్చోబెట్టారు. చరిత్రకారులు ఒప్పుకోరు. కానీ జనం నోట వాళ్లిద్దరూ ఎప్పటినుంచో కలిసే ఉన్నారు. ఆయన జనం మాటే పట్టుకున్నారు, అది సరైన పనే. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’కి మూలం ఈ కథల్లోనే ఉంది. ఆ సినిమా తమిళంలోనూ వచ్చింది కాబట్టి ఎదురింటి తమిళ అవ్వకు కూడా తెలుసు.

లోపాలు లేవనను. వర్ణనలు సాగుతాయి, భాష గ్రాంథికం. ఒంటరిగా, మౌనంగా చదివేవాళ్లు పదో పేజీ దగ్గరే అలసిపోవచ్చు. పైకి చదివితే మాత్రం వాక్యం దానంతటదే నడుస్తుంది. అర్థంకాని మాట దగ్గర మామ్మ ఒక్క క్షణం ఆగి, తన మాటల్లో చెప్పి ముందుకు పోతుంది. పిల్లలు ఆ మాటను మర్నాడు ఆటల్లో వాడేస్తారు.

మీ ఇంట్లోనూ మొదటి భాగంతోనే మొదలుపెట్టండి. నడుమ నుంచి అందుకోవద్దు. రాత్రికి ఒక్క మజిలీ చాలు, గొంతెత్తి చదవండి.