గోడకెక్కిన పాట

అమెరికాలో ఎల్పీ రికార్డులకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. 2022లో అమ్ముడైన సంఖ్యలో సీడీలను దాటేశాయి. 1987 తర్వాత ఇదే మొదటిసారి! ఏటా ఏప్రిల్‌లో ‘రికార్డ్ స్టోర్ డే’ వస్తే చాలు, న్యూయార్క్ లాంటి నగరాల్లో స్వతంత్ర రికార్డు షాపుల ముందు పొద్దున్నే క్యూలు. వెతుకులాటలు, బేరాలు, అట్ట మీద బొమ్మ చూసి మురిసిపోవడాలు. తీరా 2023లో లూమినేట్ సంస్థ లెక్క తీస్తే, రికార్డులు కొన్నవాళ్లలో ప్లేయర్ ఉన్నది సగం మందికేనట! ‘ఆలు లేదు, చూలు లేదు...’ అన్న మన సామెతకు వీసా దొరికినట్టే. మరి పాట? ఫోన్‌లో వింటారు. రికార్డేమో గోడకు. సీలు తీయని రికార్డుకే రేటెక్కువ కాబట్టి, అసలు వినకపోవడమే అసలైన సంగీతాభిమానం కాబోలు!