ఒక్కరోజు విశ్రాంతి

1925 జూన్ 2. న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు ఓటముల మీద ఓటములు చూస్తోంది. మేనేజర్ మిల్లర్ హగ్గిన్స్ ఆ రోజు కొందరు పాత ఆటగాళ్లను పక్కన కూర్చోబెట్టాడు. వాళ్లలో వాలీ పిప్ ఒకడు. బేస్‌బాల్లో బంతి కొట్టినవాడు పరుగెత్తి చేరుకోవలసిన మొదటి మజిలీ ఫస్ట్ బేస్. అక్కడ కాపు కాయడం పదేళ్లుగా పిప్ పని. అతని బదులు లూ గెరిగ్ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు దిగాడు.

తలనొప్పిగా ఉందని పిప్ ఒక్కరోజు విశ్రాంతి అడిగాడనీ, దాంతో ఉన్న చోటే పోగొట్టుకున్నాడనీ తర్వాతి రోజుల్లో కథలుగా చెప్పుకున్నారు. నిజానికి ఆ ఏడు అతని ఆట బాగా తగ్గింది. సీజన్ అయ్యాక అతన్ని సిన్సినాటి జట్టుకు అమ్మేశారు.

గెరిగ్ మాత్రం ఆ చోటు వదల్లేదు. జూన్ 1న వేరొకరి బదులు బ్యాటు పట్టిన ఆట మొదలు, వరసగా 2,130 ఆటలు ఆడాడు. వేళ్లు విరిగినా ఆడాడు, నడుం పట్టేసినా ఆడాడు. 493 హోమ్ రన్లు కొట్టాడు. జనం ‘ఐరన్ హార్స్’ అని పిలుచుకున్నారు.

1939 వచ్చేసరికి ఆ ఇనుప ఒళ్లు మాట వినడం మానేసింది. ఎనిమిది ఆటల్లో నాలుగే హిట్లు. ఏప్రిల్ 30న, ఎవరైనా చేయగలిగే ఓ మామూలు అవుట్ చేస్తే సహచరులు వచ్చి మెచ్చుకున్నారు. ఓడినప్పుడు కూడా కుంగని మనిషికి ఆ మెప్పు గుచ్చుకుంది. ఇంత చిన్న పనికి పొగుడుతున్నారంటే తన పని అయిపోయినట్టేనని అర్థమైంది.

మే 2న డెట్రాయిట్‌లో మేనేజర్ జో మెకార్తీ దగ్గరికి వెళ్లి, ఈ రోజు నన్ను ఆడించకండి అన్నాడు. జట్టు మేలు కోసమే అన్నాడు. కెప్టెన్ కనుక ఆడేవాళ్ల జాబితా అంపైర్లకు తనే తీసుకెళ్లి ఇచ్చాడు. దాదాపు పద్నాలుగేళ్లలో అతను ఆడని మొదటి ఆట అది. సంగతి మైకులో చెప్పగానే ప్రత్యర్థి ఊరి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆ రోజు ఆ స్టేడియంలో చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకడు వాలీ పిప్. ఆట మానేశాక అతను మిషిగన్ రాష్ట్రంలోనే ఉంటున్నాడు. గెరిగ్‌ని కూర్చోబెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. ఆ పని గెరిగే చేసుకున్నాడు. చోటు పోగొట్టుకున్న మనిషి, చోటు తనంతట వదులుకుంటున్న మనిషిని చూశాడు.

ఆ జూన్ 19న, గెరిగ్ ముప్పై ఆరో పుట్టినరోజు నాడు, మేయో క్లినిక్ డాక్టర్లు జబ్బు పేరు చెప్పారు. ఎ.ఎల్.ఎస్. తర్వాతి కాలంలో స్టీఫెన్ హాకింగ్‌ని చక్రాల కుర్చీకి కట్టేసిన జబ్బు ఇదే. అమెరికాలో ఈ రోజుకీ దాన్ని లూ గెరిగ్ జబ్బు అంటారు.

పిప్ 1965 దాకా బతికాడు. గెరిగ్‌కి ముప్పై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. అతను పోయిన తేదీ 1941 జూన్ 2. పిప్ చోట్లో నిలబడి సరిగ్గా పదహారేళ్లు.