మసకేశ్వర్రావు

మాదాపూర్‌లో ఏ ఆఫీసుకెళ్ళినా ఒక మసకేశ్వర్రావు ఉంటాడు. అసలు పేరు ఇంకేదో ఉంటుంది గానీ పే స్లిప్పులో తప్ప దానితో ఎవరికీ పనిపడదు. అమీర్‌పేటలో కోర్సు ముగించుకొచ్చిన కొత్తలో అందరిలాగే ఉండేవాడట. సీఎస్ఎస్‌లో ఫిల్టర్ అని ఒక్క లైను రాస్తే బొమ్మ మసకబారుతుందనీ, వెలుగుతుందనీ, రంగు మార్చుకుంటుందనీ తెలిసిన పూట నుంచి మనిషి మనకు దక్కలేదు.

బ్లర్, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, డ్రాప్ షాడో, గ్రేస్కేల్, హ్యూ రొటేట్, ఇన్‌వర్ట్, ఒపాసిటీ, సాచురేట్, సెపియా. మొత్తం పది. దశావతారాలు చెప్పమంటే వరాహం దగ్గరే తడుముకుంటాడు గానీ, ఈ పదీ నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు.

చాయ్ బండి దగ్గర దొరికితే మనకు క్లాసే. "బాక్స్ షాడో పెట్టె చుట్టూ పడుద్ది బ్రో, అంతే. వెనక ఖాళీగా ఉన్న పీఎన్‌జీ బొమ్మకి డ్రాప్ షాడో వేసి చూడు, చెవి జూకాలతో సహా నీడ పడుద్ది!" అక్కడితో ఆగడు. "వరస ముఖ్యం బ్రో. ముందు గ్రేస్కేల్, దాని మీద సెపియా వేస్తే మీ నాన్నగారి పెళ్ళి ఫొటో. అదే తిరగేశావా, సెపియా గోవిందా." చెప్పేదంతా నిజమే, అతని చదువుకి వంక పెట్టలేం. ఆ చదువంతా ప్రతి పేజీలోనూ ఒకేసారి ఒలకబోస్తాడు, అదీ బాధ.

పూతరేకులూ ఊరగాయలూ ఆన్‌లైన్‌లో అమ్ముకుందామని ఆత్రేయపురం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వారం తర్వాత సైటు చూసుకుని ఫోన్ చేశారు.

"ఏవండీ, మేం ఆవకాయ ఫొటో పంపితే మీరు గోంగూర పెట్టారేంటండీ?"

ఆవకాయే. మౌస్ మీదకెళ్తే హ్యూ రొటేట్ 120 డిగ్రీలు తిరిగేలా పెట్టాడు మనవాడు. ఎర్రటి పచ్చడి అలా తిరిగితే ముదురాకుపచ్చే అవుతుంది మరి. కాజాలకి సెపియా కొట్టాడు, పోయిన సంక్రాంతికి వేయించినట్టు తేలాయి. పూతరేకులకైతే బ్లర్. "అసలే పొరలండీ అయ్యి, మీరు మళ్ళీ పొర కప్పడమెందుకండీ?" అన్నారాయన, పాపం చాలా మర్యాదగా.

డార్క్ మోడ్ కూడా అడిగారు. దానికీ ఒక్క లైనే: పేజీ మొత్తానికి ఇన్‌వర్ట్, రంగులు సర్దుకోవడానికి హ్యూ రొటేట్ 180. ఫొటోలను మళ్ళీ విడిగా తిరగెయ్యాలన్నది మాత్రం మరిచాడు. వ్యాపారం మొదలుపెట్టిన తాతగారు తెల్లటి కనుగుడ్లు నల్లబడి, నల్లమీసం తెల్లబడి ప్రత్యక్షమయ్యారు. ఆ రాత్రి ఇంట్లో పిల్లలు పడుకోలేదట.

ఇంతకంటే రుచికరమైనది మెనూ గొడవ. పైన అతుక్కుని ఉండాల్సిన మెనూ స్క్రోల్ చేస్తే పేజీతోబాటు వెళ్ళిపోతోందని టెస్టింగ్ మేడమ్ బగ్ వేశారు. "క్యాష్ క్లియర్ చేసి చూడండి మేడమ్" అన్నాడు, ఆనవాయితీ ప్రకారం. తర్వాత జెడ్ ఇండెక్స్ 99 పెట్టాడు, 9999 పెట్టాడు, ఆపైన తొమ్మిదులు లెక్కపెట్టడం మేం మానేశాం. చివరికి ఆవిడే పట్టుకున్నారు: పేజీని చుట్టిన డివ్‌కి బ్రైట్‌నెస్ 1.05 పెట్టి ఉంది. ఫిల్టర్ పడ్డ డివ్ లోపల ఫిక్స్‌డ్ మెనూ ఉంటే అది తెరను వదిలేసి ఆ డివ్‌నే పట్టుకుంటుంది. ఆ అయిదు శాతం వెలుగు ఎవరి కంటికీ ఆనలేదు. "తీసేస్తే పేజీకి కళ పోద్ది మేడమ్" అని మాత్రం గొణిగాడు.

మా పెద్ద మేనేజరు ఒకాయనకి ఇదంతా వింటే నవ్వు. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4లోనే గ్లో, వేవ్, ఎక్స్‌రే అని ఫిల్టర్లుండేవనీ, ఒకప్పుడు తను కంపెనీ లోగోని నీళ్ళలో తేలినట్టు ఆడించాననీ చెబుతారు. అంటే ఈ జబ్బు మసకేశ్వర్రావుతో మొదలవలేదన్నమాట. ఎక్స్‌రే అనే ఫిల్టర్ ఒకటుండేదని విన్నప్పుడు మాత్రం మనవాడి ముఖం చూడాలి, చేతికి రాకుండాపోయిన పిత్రార్జితం గుర్తొచ్చినట్టు!

డీలర్ల రేట్లు లాగిన్ అయినవాళ్ళకే కనపడాలన్నారు పెద్దాయన. బ్లర్ 6 పిక్సెళ్ళు కొట్టి చేతులు దులుపుకున్నాడు. ఆయన మనవడు, ఎనిమిదో తరగతి, రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్‌లోకెళ్ళి ఆ లైను పక్కన టిక్ తీసేశాడు. రేట్లన్నీ బయట. ఫిల్టర్ కంటికి గంతలు కడుతుందే గానీ కింద ఉన్నదాన్ని ముట్టుకోదని ఆ కుర్రాడికి తట్టింది.

ఇప్పుడతనికి సంబంధాలు చూస్తున్నారు. పెళ్ళిచూపుల కోసం సొంతంగా ఒక పేజీ కట్టుకున్నాడు. ఫొటోకి బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, సాచురేట్, పైన అర పిక్సెల్ బ్లర్. నిజం చెప్పాలంటే బాగానే ఉన్నాడు. భీమవరం నుంచి అమ్మాయి తండ్రి చూసి, ఇంట్లో ఆడవాళ్ళకి చూపిద్దామని ఫొటో సేవ్ చేసుకుని ఫోన్ చేశారు.

"బాబూ, పొరపాటున మీ అన్నయ్యగారిది వచ్చినట్టుంది, నీ ఫొటో పంపుతావా?"

"అన్నయ్య లేడండీ. మీరు సేవ్ చెయ్యకండి అంకుల్, సైట్‌లోనే చూడండి!"