ఏ చీమండీ?

నడుం నొప్పి మనిషికి సూదులంటే భయం లేదు. ఆయన్ని వారం పది రోజులుగా తినేస్తున్నది ఒకే ఒక్క మాట. ఆక్యుపంక్చర్‌కి వెళ్తానని నోరు జారిన దగ్గర్నుంచి బావమరిది, పక్క ఫ్లాట్ అన్నయ్యగారు, ఆఖరికి ఫోనులో అపాయింట్‌మెంట్ రాసుకున్న అమ్మాయి, అందరిదీ ఒకటే పాట: "ఏం కాదండీ, చీమ కుట్టినట్టుంటుంది, అంతే!"

ఏ చీమ?

చీమలన్నీ ఒకటేనా? పంచదార డబ్బాలో కాపురముండే నల్లచీమ కుట్టినా పట్టించుకునే నాథుడు లేడు. గండుచీమ పట్టిందంటే మొండెం ఊడివచ్చినా తల వదలదు. మామిడిచెట్టు మీది ఎర్రచీమల సంగతి కాయలు కోసేవాణ్ణి అడగాలి. ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఆ చీమలు మనిషిని కుట్టనే కుట్టవు, కొరుకుతాయి. కొరికిన చోట ఆమ్లం చిమ్ముతాయి. పైగా చీమ కుడితే దులుపుకుని పోవచ్చు. ఇక్కడ పదీ పదిహేను సూదులు దించి, ఇరవై ముప్పై నిమిషాలు కదలొద్దంటారు. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెడుతుంది. గోక్కుందామంటే చేతిలోనూ ఒక సూది.

నిజానికి చీమను పిలవాల్సిన పనే లేదు. ఈ సూది మందం సుమారు పావు మిల్లీమీటరు. ఇంజెక్షన్ సూదిలో సగమైనా ఉండదు, లోపల బోలు కూడా ఉండదు. చిన్న గొట్టం ఆనించి పైన వేలితో టక్కున తడితే దిగిపోతుంది. ఆ గొట్టం పద్ధతికి ఆద్యుడిగా చెప్పే సుగియామా వాయిచి 17వ శతాబ్దపు జపాన్ వైద్యుడు, అంధుడు. సూది దిగాక నొప్పి కన్నా బరువు, తిమ్మిరి, లోపలెక్కడో లాగుతున్నట్టు ఉండటం ఎక్కువ.

"చైనాలో మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారటగా, అమెరికా విలేకరికి!" అన్నది బావమరిది రెండో అస్త్రం. 1971లో బీజింగ్‌లో జేమ్స్ రెస్టన్‌కి అపెండిక్స్ తీసింది మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే. సూదులు ఆ తర్వాత, కడుపుబ్బరానికి. చెబితే వింటాడా?

2007లో వెలువడిన జర్మనీ పరిశోధన ఇంకా తమాషా. 1,162 మంది నడుం నొప్పివాళ్లను చూస్తే, ఆరు నెలలకు శాస్త్రోక్తంగా గుచ్చినవారిలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. స్థానాలు తప్పించి పైపైన గుచ్చినవారిలో 44.2. మందులు, వ్యాయామాలవారిలో 27.4 మాత్రమే.

అంటే ఎక్కడ గుచ్చారన్నది పెద్ద లెక్కలోది కాదన్నమాట. మరి పనిచేసిందేమిటి? ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, నిద్ర పడుతోందా అని ఒకరు తీరిగ్గా అడగడం, నాలుక చూడటం, నాడి పట్టుకోవడం కూడా మందేనేమో. తీరా ఆయన వెళ్లి చూస్తే, పక్క మంచం మీది ఇల్లాలు సూదులు దిగీ దిగకముందే గురక తీసింది. పట్టపగలు ఆవిడ నడుం వాలిస్తే ఎవరూ కాఫీ అడగని చోటు బహుశా అదొక్కటే.

వెళ్లేవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లకండి, కళ్లు తిరుగుతాయి. సూదుల ప్యాకెట్ మీ ఎదుటే విప్పమనండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భిణి అయినా ముందే చెప్పండి. నడుం నొప్పితోపాటు కాళ్లు మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా సూదుల జోలికి పోకుండా తిన్నగా ఆసుపత్రికి నడవండి.